అడవి పుట్టగొడుగును పరిశోధనకు పనికొచ్చే నమూనాగా మార్చడం ఎలా?

తొలకరి తర్వాత రెండు మూడు గట్టి వానలు కురిస్తే చాలు, చెదపుట్టల మీదా, చెట్ల మొదళ్లలోనూ, పేడకుప్పల పక్కనా, కాలేజీ లాన్లలోనూ పుట్టగొడుగులు లేస్తాయి. చాలామంది ఫోన్‌తో ఒక ఫోటో తీసి "ఇదేమిటి?" అని అడుగుతారు. పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో జాతి పేరు చెప్పడం చాలాసార్లు కుదరదు. పేరు తేల్చే లక్షణాలు సగం గొడుగు కింద, మట్టిలో పూడిన కాడ అడుగున, కోసినప్పుడు మారే రంగులో ఉంటాయి. మిగతా సగం మైక్రోస్కోపు కిందగానీ కనిపించవు.

అందుకే ఈ పనిని గంటల లెక్కన చేయాలి. వాసన, జిగురు, నలిగిన చోట వచ్చే రంగు కొన్ని గంటల్లోనే పోతాయి. సిద్ధబీజాలు (స్పోర్లు, అంటే శిలీంధ్రపు విత్తనాల్లాంటివి) రాలడం ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. కణాల నిర్మాణం, డీఎన్‌ఏ మాత్రం సరిగ్గా ఎండబెడితే దశాబ్దాలు నిలుస్తాయి, తడిగా వదిలేస్తే రెండు రోజుల్లో కుళ్లిపోతాయి. ఏది ముందు పోతుందో దాన్ని ముందు నమోదు చేయాలి. కింద చెప్పిన పనుల వరసకు ఆధారం ఇదే.

ఒక హెచ్చరిక. ఇది తినే పుట్టగొడుగుల్ని ఏరుకునే పద్ధతి కాదు. అమానిటా అనే పుట్టగొడుగుల్లో కొన్నింటిలో ఉండే అమాటాక్సిన్లు అనే విషాలు తిన్న ఆరు గంటలకో, పన్నెండు గంటలకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో లక్షణాలు చూపిస్తాయి. అప్పటికే కాలేయం దెబ్బతినడం మొదలై ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ప్రమాదం లేదు, చేతులు కడుక్కుంటే చాలు. రుచి మాత్రం చూడకండి. కొందరు నిపుణులు రుసులా జాతుల్ని కొరికి ఉమ్మేసి కారం, చేదు రాసుకుంటారు. కొత్తవాళ్లకు ఆ లక్షణం అక్కర్లేదు, అది లేకుండానే గుర్తింపు సాధ్యమే.

ఎక్కడ సేకరించాలి, ఎవరిని అడగాలి

మొదటి ఏడాది మీ పొలం గట్టు, కాలేజీ ఆవరణ, తోట చాలు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోని లాన్లలోనే పరిశోధనకు తగినన్ని జాతులు దొరుకుతాయి. రిజర్వు ఫారెస్టులో సేకరించాలంటే అటవీశాఖ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. నల్లమలలోని అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం, అటు కవ్వాల్ లాంటి టైగర్ రిజర్వుల్లోనూ, అభయారణ్యాల్లోనూ వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలి. ఇందుకు నెలలు పట్టవచ్చు. కాబట్టి దరఖాస్తు వేసవిలోనే పెట్టండి, వాన పడ్డాక తిరిగితే సీజన్ పోతుంది. నమూనాను గానీ దాని ముక్కను గానీ విదేశానికి పంపే ఆలోచన ఉంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం అడ్డొస్తుంది. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను, మీ సంస్థను ముందే సంప్రదించండి. పంపేశాక అడిగితే ఆ పరిశోధన ప్రచురణకు నోచుకోకపోవచ్చు.

బుట్టలో ఏముండాలి

వెదురు బుట్ట గానీ, గట్టి అడుగున్న ప్లాస్టిక్ క్రేటు గానీ తీసుకోండి. పాలిథిన్ సంచి మాత్రం వద్దు. అందులో పుట్టగొడుగు చెమటపట్టి మెత్తబడుతుంది, బ్యాక్టీరియా ఎక్కుతుంది, లోపలి ఈగపురుగులు గంటల్లో దాన్ని జల్లెడ చేస్తాయి. దాని బదులు అల్యూమినియం ఫాయిల్, బటర్ పేపర్, కాగితపు సంచులు పెట్టుకోండి. చిన్నవాటికి అరలున్న ప్లాస్టిక్ డబ్బా (స్క్రూలు పెట్టుకునేది) బాగా పనికొస్తుంది, అడుగున కాస్త నాచు గానీ తడి లేని టిష్యూ గానీ వేయండి. తవ్వడానికి తాపీమేస్త్రీలు వాడే చిన్న తాపీ, కోయడానికి పదునైన చాకు, పది రెట్లు చూపే భూతద్దం, 15 సెంటీమీటర్ల స్కేలు, పెన్సిలు, నోటుబుక్కు ఉండాలి. పెన్నుతో రాస్తే వానకు అక్షరాలు కరిగిపోతాయి. ఆ ఒక్క పొరపాటుతో ఒక రోజు సేకరణ మొత్తం పనికిరాకుండా పోతుంది.

మట్టిలో ఉండగానే

పీకేయాలన్న తొందర ఆపుకోండి. ముందు ఫోటోలు. నేలతో సహా చుట్టూ పరిసరం ఒకటి, పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి. తర్వాత ఒకదాన్ని తవ్వి తీసి గొడుగు అడుగుభాగం ఒకటి, కాడ మొదలు ఒకటి, నిలువుగా రెండుగా చీల్చినది ఒకటి. ప్రతి ఫోటోలో స్కేలు కనిపించాలి. ఎండపొడ నేరుగా పడితే తెల్లటి గొడుగు మీద పొలుసులు కనిపించవు, వానగొడుగు పట్టి నీడ చేసి తీయండి. ఫ్లాష్ వాడితే రంగులు అబద్ధం చెబుతాయి.

తవ్వేటప్పుడు కాడ పట్టుకుని లాగవద్దు. అమానిటాకు, వరిగడ్డి పుట్టగొడుగుకు కాడ అడుగున తిత్తి ఉంటుంది. లాగితే అది మట్టిలోనే ఉండిపోయి, అతి ముఖ్యమైన ఆధారం పోతుంది. చెదపుట్టల మీద లేచే టెర్మిటోమైసిస్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దాని కాడ నేలకింద వేరులా సన్నబడుతూ, ఒక్కోసారి మూర లోతు కూడా దిగి, చెదలు పెంచే శిలీంధ్రపు గూటికి అతుక్కుని ఉంటుంది. చెదలు ఆకులు, కట్టె తిని వేసే మలంతో ఆ గూడు కడతాయి. ఈ శిలీంధ్రం దాన్ని జీర్ణం చేసి చెదలకు ఆహారంగా మారుస్తుంది. ఆ వేరు ఎక్కడ ఆగిందో తాపీతో తవ్వి చూడండి, దాని పొడవు కొలవండి. గొడుగు నడిమధ్యన మొనదేలిన బుడిపె ఉంటుంది, గట్టి మట్టిని చీల్చుకుని పైకి రావడానికి. అది ఎంత మొనగా ఉందో, ఏ రంగులో ఉందో రాసుకోండి, టెర్మిటోమైసిస్‌లో జాతుల్ని వేరుచేసేది తరచు అదే. ఈ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకి) ఫ్రెంచ్ శిలీంధ్రశాస్త్రజ్ఞుడు రోజే హైమ్ 1942లో పేరు పెట్టాడు. ఆయన పేరు మీదే టెర్మిటోమైసిస్ హైమియై అనే జాతిని 1979లో నటరాజన్ దక్షిణ భారత నమూనాలతో వర్ణించారు. అంటే మన పుట్టల మీది కొక్కులు ప్రపంచ శిలీంధ్రశాస్త్రంలో ఎప్పుడో చోటు సంపాదించాయి. ఇంకా తేలని జాతులు మిగిలే ఉన్నాయి.

ఏ చెట్టు కింద దొరికిందన్నది తప్పనిసరిగా రాయండి. రుసులా, చాలా అమానిటాలు, యూకలిప్టస్ తోటల్లో కనిపించే పిసోలితస్ లాంటివి చెట్టు వేళ్లతో కలిసి బతుకుతాయి, ఆ చెట్టు లేనిచోట లేవవు. కట్టె మీద లేచినదైతే ఏ చెట్టు కట్టె, పచ్చిదా ఎండుదా, బెరడు ఉందా రాయండి. పేడ మీదైతే ఆవుదా గేదెదా రాయండి. "అడవిలో, నేల మీద" అన్న నోటు ఎవరికీ ఉపయోగపడదు.

ఒకే చోట లేచిన వాటిలోంచి మొగ్గ, సగం విచ్చినది, పూర్తిగా విచ్చినది కలిపి మూడు నుంచి ఎనిమిది తీసుకోండి, కొన్నింటిని వదిలేయండి. పది అడుగుల అవతల అచ్చం అలాంటివే కనిపించినా వాటికి వేరే నంబరు ఇవ్వండి. రెండు జాతులు ఒకే పొట్లంలో కలిసిపోతే తర్వాత ఎవరూ విడదీయలేరు. నంబరు మీ పొడి అక్షరాలు, సంవత్సరం, వరస సంఖ్యతో ఉంటే చాలు. ఆ నంబరు ఫోటోలోనూ, నోటుబుక్కులోనూ, పొట్లంలోనూ ఒకటే ఉండాలి.

ఊరివాళ్లు ఆ పుట్టగొడుగును ఏమంటారో అడిగి రాయడం మర్చిపోకండి. పుట్టకొక్కు, కుక్కగొడుగు లాంటి మాటలు ఒక్కో ఊళ్లో ఒక్కోదానికి వాడతారు. కోయ, గోండి, సవర మాటలైతే ఏ భాషదో కూడా రాయండి. పేరు చెప్పినవాళ్లు దాన్ని తింటారా, మందుగా వాడతారా అన్నది కూడా సమాచారమే. అయితే వాళ్లు తింటారని మీరు తినవచ్చని కాదు.

అదే సాయంత్రం

ఇంటికి లేదా ల్యాబ్‌కి చేరగానే వర్ణన రాయండి, భోజనం తర్వాతకి వాయిదా వేయకండి. గొడుగు వ్యాసం, ఎత్తు, ఆకారం, పైభాగం పొడిగా ఉందా జిగురుగా ఉందా, పొలుసులు తుడిస్తే పోతాయా లేదా, అంచున గీతలున్నాయా. కాడ పొడవు, మందం, లోపల గుల్లా గట్టా, ఉంగరం ఉందా, ఉంటే పైకీ కిందికీ జరుగుతుందా. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది మొప్పల అతుకు దగ్గర. గొడుగు కింద రేకుల్లా వరసగా ఉండే మొప్పలు కాడను తాకకుండా ఆగిపోయాయా, కాడకు అతుక్కున్నాయా, కాడ మీదికి జారాయా అన్నది పైనుంచి చూస్తే తెలియదు. పదునైన బ్లేడుతో గొడుగునీ కాడనీ కలిపి నిలువుగా చీలిస్తేనే తెలుస్తుంది. చీల్చిన ముఖం ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో, పదిహేనో నిమిషంలో ఏ రంగులో ఉందో రాయండి. ఎర్రబడుతుందా, నీలంగా మారుతుందా, పసుపు తిరుగుతుందా, ఏ మార్పూ లేదా. "మార్పు లేదు" అన్నది కూడా ఒక లక్షణమే, ఖాళీగా వదలకండి.

గొడుగు మీద ఒక మూల 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి రంగు చూడండి. ఈ ద్రావణం 5 గ్రాముల గుళికల్ని 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్లో కరిగిస్తే వస్తుంది. గుళికల్ని నీటిలో వేయాలి, నీటిని గుళికల మీద పోయకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పవు, చర్మాన్నీ కంటినీ కాలుస్తుంది.

స్పోర్ ప్రింట్

గొడుగు నుంచి రాలిన సిద్ధబీజాలు కాగితం మీద వదిలే రంగు ముద్రే స్పోర్ ప్రింట్. మొత్తం పనిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ సమాచారం ఇచ్చేది ఇదే. దీనికి మైక్రోస్కోపు అక్కర్లేదు, ఒక గాజు గ్లాసు చాలు. మొప్పల రంగు చూసి సిద్ధబీజాల రంగు ఊహించడం మోసం. లేత క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్ మొప్పలు తెల్లగానే ఉంటాయి, ప్రింట్ తీస్తే ఆకుపచ్చగా వస్తుంది.

1. బాగా విచ్చిన, పురుగు పట్టని గొడుగును ఎంచుకోండి. కాడను మొప్పల మట్టానికి కోసేయండి. మిగతావాటిని పాడుచేయకండి, ప్రింట్‌కి ఒకటే చాలు.

2. సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద ఒక శుభ్రమైన గ్లాస్ స్లైడ్ పెట్టి, గొడుగు సగం కాగితం మీద, సగం స్లైడ్ మీద పడేలా మొప్పలు కిందికి పెట్టండి. తెల్లటి ప్రింట్ తెల్లకాగితం మీద కనిపించదు కాబట్టి నల్లభాగం కావాలి. తర్వాత మైక్రోస్కోపు కింద చూడటానికి, గీకి తీయడానికి స్లైడ్ కావాలి. ప్రింట్‌ను ఏళ్ల తరబడి దాచాలనుకుంటే ఇంకో ముక్కను అల్యూమినియం ఫాయిల్ మీద పెట్టండి.

3. గొడుగు పైన ఒక నీటి చుక్క వేసి, గ్లాసు బోర్లించండి. నంబరు రాసిన చీటీ పక్కనే పెట్టండి.

4. నాలుగు గంటలకోసారి అంచు ఎత్తి చూడండి. కాప్రినాప్సిస్ లాంటివి రెండు మూడు గంటల్లోనే సిరాలా కరగడం మొదలుపెడతాయి, వాటికి అదే గడువు. మిగతావాటికి రాత్రంతా ఉంచవచ్చు.

5. ప్రింట్ వచ్చాక గొడుగును తీసి, ప్రింట్ ఆరాక, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర రంగు చూడండి. స్లైడ్ మీదివి బ్లేడుతో గీకి ఒక చోట కుప్పగా చేస్తే అసలు రంగు తెలుస్తుంది. పలచటి పొర ఎప్పుడూ అసలుకన్నా లేతగా కనిపిస్తుంది.

నీటి చుక్క ఎందుకు? ప్రతి సిద్ధబీజం అడుగున తడి గాలిలోంచి ఒక అతిచిన్న నీటిబిందువు ఏర్పడుతుంది. దాన్ని పరిశోధించిన బుల్లర్ పేరుతో బుల్లర్ బిందువు అంటారు. ఆ బిందువు బీజం మీది నీటిపొరతో కలిసిన క్షణంలో వచ్చే ఊపుకి బీజం ఎగిరి మొప్పల మధ్య ఖాళీలోకి దూకి, కిందికి జారుతుంది. గాలి పొడిగా ఉంటే బిందువు ఏర్పడదు, బీజం దూకదు. ఏసీ గదిలో, ఫ్యాన్ కింద ప్రింట్ రాకపోవడానికి కారణం ఇదే.

ప్రింట్ రాకపోతే కారణాలు వెతకండి. గొడుగు లేతది కావచ్చు. ఎండకు వడలినది కావచ్చు. కారులో వేడెక్కి ఉడికినది కావచ్చు. ఫ్రిజ్‌లో ఉంచి తీసినదైతే గది వేడికి వచ్చేదాకా ఆగాలి. ప్రింట్ మసకగా చెదిరితే గాలి తగిలిందని అర్థం, గ్లాసు అంచు కాగితానికి ఆనలేదు. ప్రింట్ మీద మెలికల దారులు కనిపిస్తే అవి మొప్పల్లోంచి జారిన పురుగులు తిరిగినవి. కాగితం తడిసి ఉబ్బితే గొడుగు కుళ్లుతోందని, వెంటనే తీసేయాలి.

ఇక రంగు చెప్పే సంగతి. తెలుపు: అమానిటా, లెపియోటా, పాల పుట్టగొడుగు. గులాబీ: టెర్మిటోమైసిస్, వరిగడ్డి పుట్టగొడుగు అయిన వాల్వేరియెల్లా, ఎంటొలోమా. తుప్పు రంగు: కార్టినేరియస్, జిమ్నోపైలస్. చాక్లెట్ గోధుమ: బటన్ పుట్టగొడుగు ఉన్న అగారికస్. నలుపు: పేడ మీది పనేయోలస్, కాప్రినాప్సిస్. ఆకుపచ్చ: క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్, ఇది లాన్లలో వానకు గుంపులుగా లేస్తుంది, తిన్నవాళ్లకు కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తెల్లగా, పెద్దగా, ఉంగరంతో అందంగా ఉంటుంది కాబట్టి తినేదని పొరబడటం సులువు.

వాల్వేరియెల్లాకీ అమానిటాకీ రెండింటికీ తిత్తి ఉంటుంది, మొగ్గ దశలో రెండూ గుడ్డులాగే ఉంటాయి. గులాబీ ప్రింట్ వస్తే వాల్వేరియెల్లా వైపు, తెలుపు వస్తే అమానిటా వైపు. ఈ ఒక్క తేడా కోసమే ప్రింట్ తీయడం నేర్చుకోవచ్చు.

మొప్పలు లేని శిలీంధ్రాలకు పద్ధతి మారుతుంది. కప్పు ఆకారంలో ఉండే ఆస్కోమైసిటీస్ అనే శిలీంధ్రాలు సిద్ధబీజాల్ని పైకి చిమ్ముతాయి, కాబట్టి స్లైడ్‌ను వాటి పైన, రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తున ఆనించి పెట్టండి. కట్టెలా గట్టిగా ఉండే గానోడెర్మాకు చాలాసార్లు ప్రింట్ తీయనే అక్కర్లేదు, దాని గొడుగు పైనా చుట్టుపక్కల ఆకుల మీదా కోకో పొడిలా గోధుమరంగు దుమ్ము పేరుకుని ఉంటుంది, దాన్నే బ్రష్‌తో ఫాయిల్‌లోకి తీయండి. బంతిలా ఉండే పఫ్‌బాల్ రకాల్లో బీజాలు లోపలే ఉంటాయి, పండినదాన్ని కోస్తే చాలు.

ప్రింట్లు ఎక్కువగా తీసే గదిలో మాస్కు పెట్టుకోండి. ఆయిస్టర్ పుట్టగొడుగు గదుల్లో పనిచేసేవాళ్లకు ఈ బీజాలు పీల్చి ఊపిరితిత్తుల అలర్జీ రావడం తెలిసిన విషయమే.

ఎండబెట్టడం

ప్రింట్ పెట్టిన రాత్రే మిగతావి ఎండటానికి పోవాలి. ముందుగా ఒక చిన్న పని: శుభ్రమైన బ్లేడుతో గొడుగు లోపలి కండ నుంచి గానీ మొప్పల నుంచి గానీ బియ్యపుగింజంత ముక్క తీసి, తేమ పీల్చే సిలికా జెల్ నింపిన చిన్న ట్యూబులో వేయండి. డీఎన్‌ఏకి ఇదే. బయటి చర్మం వద్దు, దాని మీద బూజుల బీజాలు ఉంటాయి, చివరికి పెనిసిలియం అనే బూజు డీఎన్‌ఏ చేతికొస్తుంది. ముక్క బరువుకు కనీసం పది రెట్లు సిలికా జెల్ ఉండాలి. తడి పీలిస్తే రంగు మారే నారింజ రకం తీసుకోండి. నీలం రంగు రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపూరితం.

మిగతాదానికి పండ్లు ఎండబెట్టే ఎలక్ట్రిక్ డీహైడ్రేటర్ మంచిది. 40–45 డిగ్రీల సెల్సియస్, గాలి ఆడాలి, చిన్నవాటికి ఐదారు గంటలు, పెద్దవాటికి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు. మందపాటి గొడుగుల్ని, కాడల్ని నిలువుగా సగానికి చీల్చండి. డీహైడ్రేటర్ లేకపోతే చెక్కపెట్టెలో అడుగున 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, పైన ఒక అడుగు ఎత్తున తీగ జాలీ, పక్కల్లోనూ మూతలోనూ గాలి రంధ్రాలు పెట్టి చేసుకోవచ్చు. జాలీ మీద థర్మామీటర్ పెట్టి చూశాకే నమూనా పెట్టండి. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు, దాంతో పని జరగదు.

వేడి 60 డిగ్రీలు దాటితే పుట్టగొడుగు ఎండదు, ఉడుకుతుంది. నల్లబడి గట్టిపడిపోతుంది, మైక్రోస్కోపు కింద కణాలు తిరిగి ఉబ్బవు, డీఎన్‌ఏ ముక్కలవుతుంది. మరీ తక్కువ వేడిలో రెండు రోజులు ఉంచినా కుళ్లుతుంది. వానాకాలపు ఎండను నమ్ముకోవద్దు, మబ్బు పట్టగానే ఈగలు గుడ్లు పెడతాయి. వంచితే అప్పడంలా పుటుక్కున విరగాలి. వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఎండగానే చల్లారనిచ్చి, పది నిమిషాల్లో జిప్‌లాక్ సంచిలో వేసి చిన్న సిలికా పొట్లంతో మూసేయండి. వానాకాలంలో ఒక గంట బల్ల మీద వదిలేస్తే మళ్లీ తేమ పీల్చి తోలులా మారుతుంది.

మూసిన సంచిని మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచితే పురుగులూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పవద్దు. విప్పితే గాలిలోని తేమ నమూనా మీద నీరై కూర్చుంటుంది.

మైక్రోస్కోపు కింద

ముందు మైక్రోస్కోపు కంటిఅద్దం (ఐపీస్)లోని స్కేలును సరిచూడాలి. స్టేజి మైక్రోమీటర్ (కొలత గీతలున్న స్లైడ్)పై ఒక మిల్లీమీటరు నూరు భాగాలుగా ఉంటుంది, అంటే ఒక్కో భాగం 10 మైక్రాన్లు. 400 రెట్లలో కంటిఅద్దపు 40 గీతలు స్టేజి 10 భాగాలతో సరిపోయాయనుకోండి: 100 మైక్రాన్లను 40తో భాగిస్తే ఒక్కో గీత 2.5 మైక్రాన్లు. నూనెతో 1000 రెట్లలో మళ్లీ లెక్కగట్టండి. ఒక్కో లెన్సుకు ఒక్కో లెక్క. ఈ పని చేయకుండా ఇచ్చిన కొలతలు ఎవరూ నమ్మరు.

సిద్ధబీజాల్ని ప్రింట్ నుంచే తీసుకోండి. మొప్ప ముక్క నలిపితే పండని బీజాలు కూడా వస్తాయి, సగటు చిన్నదవుతుంది. మొదట నీటిలో చూడండి, అసలు రంగు నీటిలోనే తెలుస్తుంది. తర్వాత 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో. పక్కనుంచి కనిపించే బీజాల్నే కొలవాలి. బీజం అడుగున ఉండే చిన్న ముక్కులాంటి మొనను, పైన ముళ్లు ఉంటే వాటిని కలపకూడదు. ముప్పై బీజాల పొడవు, వెడల్పు కొలిచి, ఒక్కోదానికి పొడవును వెడల్పుతో భాగించి, ఆ నిష్పత్తి సగటు రాయండి. 7.5 మైక్రాన్ల పొడవు, 5 మైక్రాన్ల వెడల్పు ఉంటే నిష్పత్తి 1.5. నచ్చిన ఆకారాల్ని ఏరుకోకండి, కంటి ముందుకు వచ్చిన వరసలో కొలవండి. చుట్టూ మందపాటి నల్లటి వలయంతో మెరిసే గుండ్రటివి గాలిబుడగలు, బీజాలు కావు.

మెల్జర్ ద్రావణం అయోడిన్, పొటాషియం అయోడైడ్, క్లోరల్ హైడ్రేట్ కలిపినది. ఇది ల్యాబ్‌లోనే వాడండి, క్లోరల్ హైడ్రేట్ విషం. బీజం గోడ నీలినలుపు తిరిగితే అమైలాయిడ్, ఎర్రగోధుమ తిరిగితే డెక్స్‌ట్రినాయిడ్, లేత పసుపుగానే ఉంటే ఏ మార్పూ లేదని. రుసులా బీజాల మీది ముళ్లు నల్లబడి అల్లికలా కనిపిస్తాయి, చూడటానికి అద్భుతంగా ఉంటుంది. హైడ్రాక్సైడ్‌లో ఉన్న స్లైడ్‌కి నేరుగా మెల్జర్ కలిపితే తెల్లగా మబ్బు పడుతుంది, ముందు నీటితో రెండుసార్లు కడగండి.

ఎండిన మొప్ప ముక్కను ఒక చుక్క ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు తడిపి, హైడ్రాక్సైడ్‌లో ఉబ్బనిచ్చి, కొత్త బ్లేడుతో వెంట్రుకంత సన్నగా కోయండి. కాంగో రెడ్ రంగు వేస్తే గోడలు స్పష్టమవుతాయి. బెసీడియాలకు (బీజాలు మోసే కణాలకు) నాలుగు కొమ్ములా రెండా, మొప్ప అంచున సిస్టీడియాలు (బీజాలు మోయని పెద్ద కణాలు) ఏ ఆకారంలో ఉన్నాయి, తంతువుల అతుకుల దగ్గర బుడిపెల్లాంటి క్లాంపులున్నాయా చూసి బొమ్మ గీయండి. ఫోటో తీసినా బొమ్మ గీయండి, గీసేటప్పుడే కన్ను గమనించడం నేర్చుకుంటుంది. పని కాగానే లెన్సు తుడవండి, హైడ్రాక్సైడ్ దాన్ని తినేస్తుంది.

డీఎన్‌ఏ

శిలీంధ్రాలకు బార్‌కోడ్‌గా (జాతిని గుర్తుపట్టే డీఎన్‌ఏ ముక్కగా) 2012లో అంగీకరించింది ఐటీఎస్ అనే భాగాన్ని. ఆ భాగాన్ని పట్టి కాపీలు తీయించే ఐటీఎస్1ఎఫ్, ఐటీఎస్4 ప్రైమర్లతో ఎక్కువగా దొరుకుతుంది. వచ్చిన డీఎన్‌ఏ వరసను జెన్‌బ్యాంకు అనే డేటాబేస్‌లో పోల్చినప్పుడు మొదట వచ్చిన పేరే సరైనదని అనుకోకండి. అక్కడ తప్పు పేర్లతో ఉన్న వరసలు చాలా ఉన్నాయి, యునైట్ డేటాబేస్‌లోనూ చూడండి, ఆ వరస వెనక హెర్బేరియం (ఎండిన నమూనాల్ని దాచే చోటు) నమూనా ఉందో లేదో చూడండి. మీ వర్ణనతో, బీజాల కొలతతో పొసగని పేరు వస్తే పొరపాటు ట్యూబులోనే జరిగి ఉండవచ్చు, రెండోసారి తీయండి.

పొట్లం, లేబుల్, హెర్బేరియం

లేబుల్ మీద ఉండాల్సినవి: నంబరు, తేదీ, రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, దేని మీద లేచింది, దగ్గరి చెట్లు, ప్రింట్ రంగు, స్థానిక పేరు, సేకరించినవారు, గుర్తించినవారు. జిల్లాలు విడిపోయి పేర్లు మారుతున్నాయి కాబట్టి జీపీఎస్ లేని లేబుల్ పదేళ్లకు గందరగోళమవుతుంది. లేబుల్ ఆమ్లం లేని కాగితం మీద రాయాలి. ఫాయిల్ ప్రింట్‌ను మడిచి అదే పొట్లంలో పెట్టాలి.

నమూనాలో సగాన్ని గుర్తింపు ఉన్న హెర్బేరియంలో అప్పగించి యాక్సెషన్ నంబరు (అక్కడ దానికిచ్చే నమోదు సంఖ్య) తీసుకోండి. పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థలో అజ్రేకర్ మైకలాజికల్ హెర్బేరియం ఉంది, బతికున్న కల్చర్లకు (ల్యాబ్‌లో పెంచే శిలీంధ్రాలకు) అక్కడే జాతీయ శిలీంధ్ర కల్చర్ సేకరణ కూడా ఉంది. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ హెర్బేరియంను 1905లో శిలీంధ్రశాస్త్రజ్ఞుడు బట్లర్ బిహార్‌లోని పూసాలో మొదలుపెట్టాడు. పంపే ముందు ఉత్తరం రాసి వాళ్ల పద్ధతి కనుక్కోండి. కొత్త జాతి అని తేలితే జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం గుర్తించిన సంస్థకు తెలియజేసి నమూనాను అక్కడ ఉంచాలి. 2013 నుంచి కొత్త పేరుకు మైకోబ్యాంక్ లేదా ఇండెక్స్ ఫంగోరం లాంటి శిలీంధ్ర పేర్ల రిజిస్టర్లలో నమోదు సంఖ్య లేకపోతే ఆ పేరు చెల్లదు. వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న నియమం 2012లోనే పోయింది, ఇంగ్లిషులో రాసినా సరిపోతుంది.

మీ దగ్గర ఉంచుకునే సగాన్ని ఏటా మే చివర్లో ఒకసారి విప్పి చూడండి. సిలికా రంగు మారి ఉంటే ఓవెన్‌లో వేడిచేసి మళ్లీ పెట్టండి. సంచి అడుగున పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు పట్టినట్టే. ఆ పొట్లాన్ని వేరుచేసి మూసి, ఫ్రీజర్‌లో మళ్లీ వారం ఉంచండి, పక్కనున్న పొట్లాల్నీ విప్పి చూడండి.